చుక్క రక్తంలో పశువు పడ్డ తిప్పలు

ఉప్పల్ నుంచి పోయినా, నాచారం నుంచి పోయినా చెంగిచెర్ల ఎంతో దూరం కాదు. అక్కడ కబేళా ఉన్నది, 1999లో మొదలైన జాతీయ మాంస పరిశోధన సంస్థ కూడా ఉన్నది. మనం అంగట్ల దున్నపోతు పండ్లు, ఒళ్లు చూసి బేరం చేస్తం. మరి రక్తం చూసి మాంసం ఎట్లుంటదో చెప్పొచ్చా?

ఈ కథల మన తెలుగాయన ఉన్నడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలోని హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి, రక్తంలో భాస్వరం ఎంతున్నదో రంగును బట్టి కొలిచే పద్ధతిని 1925లో తెచ్చిండు. అదే కొలతను కండ మీద పెడితే 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ బయటపడ్డయి. కండ కదలాలంటే కావాల్సిన శక్తి ఇవే. పశువు చచ్చినంక ఏటీపీ అయిపోతే కండ బిగుసుకపోతది.

మాంసం మంచిగ కావాలంటే కండల గ్లైకోజెన్ నిల్వ ఉండాలె. కోసినంక అది లాక్టిక్ ఆమ్లంగా మారి, 7 దగ్గర ఉన్న పీహెచ్ ఒక రోజులో 5.5 దాకా దిగుతది. పశువును నడిపించి, కొట్టి, లారీల ఇరికిస్తే నిల్వ ముందే ఖర్చైతది. పీహెచ్ 6 దాటి నిలబడితే మాంసం నల్లగ, జిగటగ అయితది, తొందరగ చెడిపోతది.

రక్తం ఈ తిప్పలను చెప్తది. బెదిరితే కార్టిసోల్, ఉరికితే లాక్టేట్ పెరుగుతయి. దెబ్బలు తగిలి కండ నలిగితే క్రియాటిన్ కైనేజ్ రక్తంలోకి వస్తది. ఈ ఎంజైమ్ పనిచేసేది సుబ్బారావు కనుక్కున్న ఆ ఫాస్ఫోక్రియాటిన్ మీదనే.

అయితే ఒక్క చుక్కతో ప్రతి పశువు మాంసాన్నీ ఖాయంగ చెప్పలేం. కార్టిసోల్ నిమిషాలల్ల పెరుగుతది, ఖర్చైన గ్లైకోజెన్ తిరిగి నిండాలంటే రోజులు పడ్తది. కట్టె పట్టి తోలుడు నిన్న జరిగితే, ఇయ్యాల్టి రక్తంలో కొంత కనబడది. అందుకే మాంసం పీహెచ్ కూడా కొలవాలె.

మన చేతిల పరీక్ష మిషన్ లేదు, కానీ పశువు మన చేతిలనే ఉన్నది. అంగడికి తోలే ముందు మేత, నీళ్లు పెట్టండి. ఎరుగని పోతులను ఒక్క బండిల కలపకండి. కట్టె పక్కన పెట్టండి. పెంచినన్ని రోజులు చూసుకున్నోళ్లం, ఆఖరి రోజు ఎందుకు తిప్పలు పెట్టాలె?