విద్యుత్ కారు – ఇంటి కరెంటు: చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

విద్యుత్ కారు చరిత్రను సాధారణంగా బ్యాటరీ చరిత్రగానే రాస్తారు. బ్యాటరీ బరువు, ధర, ఒక ఛార్జింగుతో వెళ్ళే దూరం అందులో ప్రధానాంశాలు. అయితే ఆ కారు రాత్రి ఎక్కడ నిలుస్తుంది, అక్కడ కరెంటు ఉందా, దానిని వాడుకునే హక్కు యజమానికి ఉందా అన్న ప్రశ్నలు కూడా పెట్రోలుపై ఆధారపడటాన్ని నిర్ణయించాయి. ఆ కోణాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

అమెరికా: తీగ చేరని ఇళ్ళు

1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే మళ్ళీ మళ్ళీ ఛార్జి చేయగల సీసపు బ్యాటరీని రూపొందించాడు. 1900 నాటికి అమెరికాలో ఆవిరి, పెట్రోలు, విద్యుత్ కార్లు పరస్పరం పోటీపడుతున్నాయి. బ్యాటరీకి ఏకముఖ విద్యుత్తు అవసరం కాగా, పట్టణాలలో విస్తరిస్తున్నది ఏకాంతర విద్యుత్తు. 1902లో పీటర్ కూపర్ హెవిట్ కనిపెట్టిన పాదరస రెక్టిఫయర్ ఈ చిక్కును తీర్చింది. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ దానిని ఇళ్ళ గ్యారేజీలకు అందించింది. పెట్రోలు కార్లతో ప్రసిద్ధుడైన హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా స్వయంగా డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కారును వాడటం గమనార్హం.

1908లో వచ్చిన మోడల్ టి ధర క్రమంగా తగ్గింది. 1912లో కాడిలాక్ ప్రవేశపెట్టిన సెల్ఫ్ స్టార్టర్, ఇంజనును చేత్తో తిప్పే శ్రమను తప్పించింది. విద్యుత్ కారు వెనుకబడటానికి వీటితోపాటు మరొక కారణం ఉంది. 1930ల మధ్యనాటికి కూడా అమెరికాలో గ్రామీణ గృహాలలో సుమారు 10 శాతానికే కరెంటు ఉండేది. పెట్రోలు డబ్బాలో ఏ పల్లెకైనా చేరేది. తీగ లేనిచోటికి కరెంటు చేరలేదు. 1936లో గ్రామీణ విద్యుదీకరణ చట్టం వచ్చేనాటికి విద్యుత్ కారు మార్కెట్టు నుంచి దాదాపు కనుమరుగైంది.

నార్వే: హక్కుగా మారిన ఛార్జింగు

నార్వే 1990లో విద్యుత్ కార్లపై దిగుమతి పన్నును తాత్కాలికంగా తొలగించింది. 2001లో విలువ ఆధారిత పన్నును మినహాయించింది. 2024లో అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 89 శాతం విద్యుత్ కార్లే. ఈ మార్పును పన్ను రాయితీలతో మాత్రమే వివరించలేం. 2018 జనవరి నుంచి అమలైన చట్టం, తగిన కారణం లేకుండా అపార్ట్‌మెంట్ సంఘం ఫ్లాటు యజమాని ఛార్జింగు ఏర్పాటును నిరాకరించకుండా చేసింది. ఆ దేశపు విద్యుత్తులో అత్యధిక భాగం జలవిద్యుత్తు కావడం వల్ల, ఇంట్లో ఛార్జి అయ్యే కారు శిలాజ ఇంధన వినియోగాన్ని నిజంగానే తగ్గిస్తుంది.

భారతదేశం: పార్కింగు ప్రశ్న

2001లో బెంగళూరులో విడుదలైన రేవా కారు ఇంటి 15 ఆంపియర్ల సాకెట్టుతోనే ఛార్జి అయ్యేది. 2018 ఏప్రిల్‌లో కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ, ఛార్జింగు విద్యుత్ విక్రయం కాదనీ, సేవ అనీ స్పష్టం చేసింది. అదే ఏడాది డిసెంబరులో వెలువడిన మార్గదర్శకాలు ఇళ్ళలో ఛార్జింగును అనుమతించాయి. 2019లో నమూనా భవన నియమావళిని సవరించి, పార్కింగులో 20 శాతం మేరకు ఛార్జింగు వసతి ఉండాలని సూచించారు.

ఈ సూచన ప్రధానంగా కొత్త కట్టడాలకు ఉద్దేశించినది. పాత అపార్ట్‌మెంట్లలో మీటరు నుంచి పార్కింగు స్థలం దాకా తీగ లాగాలంటే ఉమ్మడి గోడలు దాటాలి, ఇరుగుపొరుగు ఒప్పుకోవాలి. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం విద్యుత్ వాహనాలకు రహదారి పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించింది. అటువంటి రాయితీ కారు ధరను తగ్గిస్తుంది గాని, అద్దె ఇంటివారికి సాకెట్టును సమకూర్చదు. పైగా ఉభయ తెలుగు రాష్ట్రాలలోనూ బొగ్గు విద్యుత్తు వాటా గణనీయం. సౌరవిద్యుత్తు పగలు లభిస్తుంది; ఇంటి ఛార్జింగు ఎక్కువగా రాత్రి జరుగుతుంది. ఈ అంతరాన్ని పూడ్చకపోతే పెట్రోలు బంకుపై తగ్గిన భారం కొంతమేరకు బొగ్గు గనిపైకి మారుతుంది.

ముగింపు

నూరేళ్ళ క్రితం అమెరికా పల్లెల్లో ఇంటికి తీగ లేదు. నేడు మన నగరాల్లో ఇంటికి తీగ ఉన్నా కారు నిలిచే చోటికి అది చేరడం లేదు. వాహన రాయితీలతోపాటు పాత భవనాల నివాసులకు, అద్దెదారులకు ఛార్జింగు హక్కు కల్పించడం, పగటి సౌరవిద్యుత్తును రాత్రికి నిల్వచేయడం అవసరమని ఈ చరిత్ర సూచిస్తోంది.