ఆస్పిరిన్ పేరులో దాగిన పూవు

తలనొప్పి వచ్చినపుడు ఆస్పిరిన్ బిళ్ళ వేసికొనుట మనకు తెలిసినదే. అయితే ఆ పేరు నడుమ ఒక పచ్చికబయలు మొక్క పేరు దాగియున్నదని ఎందరికి తెలియును?

ఆ మొక్కను ఆంగ్లమున మెడోస్వీట్ అందురు. ఇది గులాబి కుటుంబమునకు చెందినది. యూరప్, పశ్చిమ ఆసియాలలో చెమ్మగల పచ్చికబయళ్ళలోను, వాగుల ఒడ్డులను సుమారు ఒక మీటరు ఎత్తున పెరుగును. వేసవిలో మీగడవంటి తెలుపుగల చిన్న పూలు గుత్తులుగా పూచును. నేల ఎండిపోకుండ చూచుకొన్నచో దీనిని పెంచుట సులభము. విత్తనములు చల్లియైనను, వేళ్ళతోకూడ మొదలును ముక్కలుగా విడదీసి నాటియైనను పెంచవచ్చును. పూలను విచ్చిన పిమ్మట కోసి నీడలో ఆరబెట్టుదురు. వానిలోని సువాసన ద్రవ్యము ఆవిరిగా పోవు గుణము కలది.

ఈ మొక్కతో మానవుని చెలిమి మిక్కిలి పురాతనము. స్కాట్లాండులో ఆష్‌గ్రోవ్ వద్ద బయటపడిన కంచుయుగపు సమాధిలో దీని పుప్పొడి దొరికినది. తేనెతో చేయు మద్యమునకు వాసన పట్టించుటకు దీనిని వాడెడివారు. జాన్ జెరార్డ్ 1597లో ప్రచురించిన మూలికా గ్రంథమున, ఇండ్లలో నేలపై పరచుటకు ఇది మిక్కిలి మేలైనదని పొగడెను. పల్లెవాసులు దీని పూల కషాయమును జ్వరమునకు, కీళ్ళనొప్పులకు త్రాగెడివారు.

ఆ నమ్మకములో నిజమెంత? 19వ శతాబ్దపు రసాయనశాస్త్రము ఇందుకు జవాబు వెదకెను. 1830 తరువాత కొలది సంవత్సరములకే, స్విట్జర్లండులోని బెర్న్ నగరమున పాగెన్‌స్టెచర్ అను ఔషధవిక్రేత ఈ పూలను బట్టిపట్టి సువాసనగల తైలమును తీసెను. జర్మన్ శాస్త్రజ్ఞుడు లోవిగ్ దానిని పరిశోధించి ఒక ఆమ్లమును గుర్తించెను. ఆనాడు మొక్క శాస్త్రీయనామము స్పైరియా అల్మేరియా. కావున ఆమ్లమునకు 'స్పిర్ ఆమ్లము' అని పేరు వచ్చినది. 1838లో ఇటలీ దేశపు పిరియా, విల్లో చెట్టు బెరడులోని సాలిసిన్ నుండి సాలిసిలిక్ ఆమ్లమును తయారుచేసెను. పూవు చూపిన దారియు, బెరడు చూపిన దారియు ఒక్క చోటికే చేరినవని పిదప తేలినది.

1874లో కోల్బే పద్ధతి ననుసరించి ఫినాల్ నుండి ఈ ఆమ్లమును కర్మాగారములలో చేయనారంభించిరి. ఇక పూలతో పనిలేకపోయెను. కాని ఆ మందు కడుపులో మంట పుట్టించెడిది. 1897లో బేయర్ కంపెనీకి చెందిన ఫెలిక్స్ హాఫ్‌మన్ ఎసిటైల్ సాలిసిలిక్ ఆమ్లమును శుద్ధముగా తయారుచేసెను. అది తన ఆదేశము ననుసరించి జరిగినదేయని సహోద్యోగి ఐకెన్‌గ్రూన్ 1949లో వ్రాసెను. ఆ వివాదము నేటికిని తీరలేదు. 1899లో మందునకు పేరు పెట్టినపుడు, ఎసిటైల్‌లోని మొదటి అక్షరమును, 'స్పిర్' అను మాటను, మందుల పేర్ల చివర వచ్చు 'ఇన్'ను కలిపిరి. చిత్రమేమన, వృక్షశాస్త్రజ్ఞులు మొక్కను వేరొక ప్రజాతిలో చేర్చి ఫిలిపెండ్యులా అల్మేరియా అనిరి. మొక్క విడిచిన పేరు మందులో నిలిచినది!

ఈ మందు శరీరములో ప్రోస్టాగ్లాండినుల తయారీని అడ్డుకొనునని 1971లో జాన్ వేన్ చూపెను. 1982లో నోబెల్ బహుమతిని పంచుకొనెను. అట్లని పూల కషాయము బిళ్ళకు బదులు కాదు. కషాయములో మందు ఎంత ఉన్నదో కంటితో చూచి చెప్పలేము. ఆస్పిరిన్ పడనివారికి ఈ పూవును పడకపోవచ్చును. ఫ్లూ వంటి జ్వరములలో పిల్లలకు ఆస్పిరిన్ ఈయరాదు.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక పరీక్ష చేసి చూపవచ్చును. సాలిసిలిక్ ఆమ్ల ద్రావణములో ఫెర్రిక్ క్లోరైడు చుక్క వేసినచో ఊదారంగు వచ్చును. శుద్ధమైన ఆస్పిరిన్‌తో ఆ రంగు రాదు. చెమ్మతగిలి పాతబడిన బిళ్ళతో వచ్చును. ఏలయన, అది విడిపోయి మరల సాలిసిలిక్ ఆమ్లమును ఇచ్చును. ఆ బిళ్ళ సీసాను మూచూచినచో పులిసిన వాసన కూడ తెలియును. పెద్దలు చెప్పిన మాటను త్రోసిపుచ్చక, గ్రుడ్డిగా నమ్మక, ఇట్లు పరీక్షించి తెలిసికొనుటయే విజ్ఞానము.