ఎక్కిన గేరులోనే దిగడం: డీజిల్ లారీ, ఘాట్ రోడ్డు, ఇంజన్ బ్రేకు

హైదరాబాదు పాతబస్తీ దక్షిణపు అంచున ఉన్న చాంద్రాయణగుట్టను దాటిన శ్రీశైలం రహదారి కల్వకుర్తి, డిండి, మన్ననూరుల మీదుగా నల్లమలలో ప్రవేశిస్తుంది. దోమలపెంట దాటాక మలుపులు తిరుగుతూ కృష్ణానది లోయలోకి దిగుతుంది. నగరంలో లారీకి కావలసింది ఆగగలగడం. లోయ దిగేటప్పుడు కావలసింది ఆగకుండానే వేగాన్ని అదుపులో ఉంచుకోవడం. ఇంజన్ బ్రేకు చరిత్రకు మూలం ఈ తేడాయే.

16 టన్నుల లారీ 300 మీటర్ల ఎత్తు దిగితే సుమారు 47 మెగాజౌళ్ల శక్తి విడుదలవుతుంది. అందులో అధికభాగాన్ని చక్రాల బ్రేకులే భరించవలసివస్తే డ్రమ్ములు వేడెక్కి వ్యాకోచిస్తాయి, లైనింగుల పట్టు సడలుతుంది. అందుకే ఎక్కిన గేరులోనే దిగాలన్నది డ్రైవర్ల మధ్య స్థిరపడిన సూత్రం.

అయితే ఈ సూత్రానికి డీజిల్ ఇంజన్ ఒక పరిమితి విధించింది. పెట్రోలు ఇంజన్‌లో యాక్సిలరేటర్ వదిలితే గాలిద్వారం మూసుకుని, ఇంజన్ వాహనాన్ని వెనక్కు పట్టుతుంది. సాధారణ డీజిల్ ఇంజన్‌లో అటువంటి ద్వారం లేదు. పైగా సిలిండర్‌లో నొక్కుకుపోయిన గాలి స్ప్రింగులా తిరిగి పిస్టన్‌ను తోస్తుంది. 1954లో టెల్కో సంస్థ డైమ్లర్-బెంజ్ సహకారంతో లారీల తయారీ ప్రారంభించిన తరువాత దేశమంతటా డీజిల్ లారీలు విస్తరించాయి. వాటితోపాటు ఈ సమస్యా విస్తరించింది.

దీనికి రెండు పరిష్కారాలు వచ్చాయి. మొదటిది ఎగ్జాస్ట్ బ్రేకు: పొగగొట్టంలోని కవాటాన్ని మూసి, బయటకు పోవలసిన వాయువుల ఒత్తిడితోనే పిస్టన్లను అడ్డుకుంటుంది. మన భారీ వాహనాలలో ఎక్కువగా కనిపించేది ఇదే. రెండవదానికి మూలపురుషుడు అమెరికన్ ఇంజనీరు క్లెస్సీ కమిన్స్. 1931లో కాలిఫోర్నియాలోని కాహోన్ కనుమ దిగుతూ, బ్రేకులు పట్టు తప్పిన లారీతో ఆయన రైలు కింద పడబోయి తప్పించుకున్నారు. నొక్కిన గాలిని పిస్టన్ పైకి చేరే వేళకు బయటకు వదిలేసే ఆయన యంత్రాంగాన్ని 1961లో జేకబ్స్ సంస్థ విపణిలోకి తెచ్చింది.

ఈ పరికరాలేవైనా గేరు పడి ఉన్నప్పుడే పనిచేస్తాయి. డీజిల్ ఆదా కోసం న్యూట్రల్‌లో దిగే డ్రైవర్ వాటిని తానే నిరుపయోగం చేసుకుంటాడు. ఆ ఆదా కూడా భ్రమే: గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇంధన సరఫరా ఆగుతుంది, న్యూట్రల్‌లో ఇంజన్ తిరగడానికి ఇంధనం కావాలి.

2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ దిగుతున్న కిక్కిరిసిన బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించారు. బరువు పెరిగిన కొద్దీ అదుపు చేయవలసిన శక్తీ పెరుగుతుందన్న సూత్రం అక్కడ గణితంగా మిగలలేదు. కనుక ఇంజన్ బ్రేకు చరిత్రను పరికరాల చరిత్రగా మాత్రమే చదవడం చాలదు. వాలు మొదలయ్యే ముందే గేరు తగ్గించే డ్రైవర్ నైపుణ్యం, వాహనంపై మోపే బరువు కూడా అందులో భాగాలే.