మాంద్యంలో రాష్ట్రాలకు వెసులుబాటు

అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాలకూ రాబడికి మించి వ్యయం చేయరాదన్న నిబంధన ఉంది. మాంద్యంలో పన్నుల వసూళ్లు తగ్గితే ఉపాధ్యాయుల ఉద్యోగాలపైనా, పేదల వైద్యంపైనా వేటు పడుతుంది. అందువల్ల ఫెడరల్ ప్రభుత్వం ఎంత ఇచ్చిందన్నదే కాక, దేనికి వాడుకోనిచ్చిందన్నదీ కీలకమే.

2009 నాటి స్థిరీకరణ నిధిలో రాష్ట్రాలకు పంచిన వాటాలో 81.8 శాతాన్ని విద్యకే పరిమితం చేశారు. మిగిలిన 18.2 శాతాన్ని పోలీసు తదితర సేవలకు వెచ్చించే వీలు కల్పించారు. 2020లో కొవిడ్ సాయంగా ఇచ్చిన 15,000 కోట్ల డాలర్లతో రాబడి లోటు పూడ్చరాదని ఆంక్ష పెట్టారు. 2021 మార్చి నాటి చట్టం ఆ ముడి సడలించింది. రాష్ట్రాలకు, స్థానిక సంస్థలకు 35,000 కోట్ల డాలర్లు కేటాయించి, కోల్పోయిన రాబడి మేరకు ప్రభుత్వ సేవలకు ఖర్చు చేసుకోనిచ్చింది. అయితే ఆ సొమ్ము అండతో రాష్ట్రాలు పన్నులు తగ్గించరాదని షరతు విధించింది.