క్రియాజనకాల గాఢత – చర్యా రేటు

రసాయన చర్య ఎంత త్వరగా సాగుతుందో నిర్ణయించే అంశాల్లో క్రియాజనకాల గాఢత, అంటే నిర్ణీత ఘనపరిమాణంలో ఆ పదార్థాలు ఎంత మేరకు ఉన్నాయన్నది, ముఖ్యమైనది. అణువులు ఢీకొంటేనే చర్య జరుగుతుంది గనుక, అవి దట్టంగా ఉన్నచోట సాధారణంగా రేటు పెరుగుతుంది. కానీ ఎంత పెరుగుతుందన్నది సమీకరణాన్ని చూసి చెప్పగలిగేది కాదు, ప్రయోగం చేసి తెలుసుకోవలసిందే.

అలాంటి తొలి కొలతల్లో ఒకటి పంచదార మీద జరిగింది. ఆమ్లం కలిపిన పంచదార ద్రావణంలో సుక్రోజ్ నెమ్మదిగా గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడిపోతుంది. సుక్రోజ్ ధ్రువిత కాంతి తలాన్ని కుడివైపుకు తిప్పితే, విడిపోగా వచ్చిన మిశ్రమం ఎడమవైపుకు తిప్పుతుంది; ఈ చర్యను విలోమం అనడం అందుకే. ఈ మార్పును ధ్రువణమాపకంతో వెంటాడిన జర్మన్ శాస్త్రవేత్త లుడ్విగ్ విల్హెల్మీ, ఏ క్షణంలోనైనా రేటు అప్పటికి మిగిలివున్న సుక్రోజ్ గాఢతకు అనులోమానుపాతంలో ఉంటుందని 1850లో చూపాడు. ఇటువంటిదాన్ని ప్రథమ క్రమాంక చర్య అంటారు. నిజానికి నీరు కూడా ఇందులో క్రియాజనకమే గాని, అది అపారంగా ఉండడంతో దాని తరుగు లెక్కకు రాదు.

ఇదే సుక్రోజ్‌ను ఈస్టులోని ఇన్వర్టేజ్ అనే ఎంజైముతో విడగొట్టినప్పుడు మాత్రం వ్యవహారం మారుతుంది. పలుచని ద్రావణంలో గాఢతతోపాటు పెరిగిన రేటు, చిక్కదనం పెరిగేకొద్దీ మందగించి, చివరకు ఒక గరిష్ఠ వేగాన్ని సమీపించి దాదాపు అక్కడే ఆగుతుంది. ఎంజైము అణువులు పరిమితం. వాటి క్రియాశీల స్థానాలన్నీ అధస్థ పదార్థంతో, అంటే ఎంజైము పనిచేసే పదార్థంతో, నిండిపోయాక అదనంగా వచ్చిన అణువులు వంతు కోసం వేచివుండవలసిందే. ఈ సంతృప్తతను 1902లో ఏడ్రియన్ బ్రౌన్ గుర్తించగా, మరుసటి ఏడు విక్టర్ ఆంరీ గణితరూపమిచ్చాడు. 1913లో బెర్లిన్‌లో లియొనార్ మైఖేలిస్, కెనడా వైద్యురాలు మాడ్ మెంటెన్ ద్రావణపు ఆమ్లత్వాన్ని అదుపులో ఉంచి, తొలి క్షణాల రేటునే కొలిచి ఆ సూత్రాన్ని గట్టిపరిచారు. గరిష్ఠ వేగంలో సగం అందే గాఢతే మైఖేలిస్ స్థిరాంకం. దానికి 9 రెట్ల గాఢత వద్ద 90 శాతం, 99 రెట్ల వద్ద 99 శాతం వేగం వస్తుంది. చివరి మెట్లు అంత ఖరీదైనవి. 1925లో జార్జ్ బ్రిగ్స్‌తో కలిసి ఈ సూత్రానికి మరింత విశాలమైన పునాది వేసినవాడు జె.బి.ఎస్. హాల్డేన్.

ఎంజైము నిండిపోయిన స్థితికీ, ఇంకా నిండని స్థితికీ మధ్య ఉన్న ఈ తేడాను శరీరం చక్కగా వాడుకుంటుంది. పరగడుపున రక్తంలో గ్లూకోజ్ లీటరుకు సుమారు 5 మిల్లీమోల్‌లు ఉంటుంది. గ్లూకోజ్ మీద పనిచేసే ఎంజైముల్లో, మెదడులోని హెక్సోకైనేజ్ నిండిపోవడానికి అందులో చిన్న వంతే చాలు, కాబట్టి భోజనానికి ముందైనా తరవాతైనా దాని వేగం పెద్దగా మారదు. కాలేయంలోని గ్లూకోకైనేజ్ మాత్రం సుమారు 8 మిల్లీమోల్‌ల దగ్గరగాని సగం వేగం అందుకోదు గనుక, తిన్న తరవాత చక్కెర పెరిగేకొద్దీ చురుకవుతుంది. పైగా దాని రేఖ కొద్దిగా ‘ఎస్’ ఆకారంలో వంగుతుంది కాబట్టి మైఖేలిస్ సూత్రం దానికి అచ్చంగా వర్తించదు.