మొదటి ముద్ద ఉత్తదే

ఖతార్‌లోని అల్ రయ్యాన్. జూలై నెల. తెల్లవారి 5 గంటలకే ఊపిరాడని ఉక్క. రాయచోటి నుంచి ఇంటిపనికి వచ్చిన ఆమె, చేతిలో మాత్ర పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుంది. ఎదురుగా మూలకు ఒదిగి, పళ్లు బిగించిన సలూకి కుక్క. డేగలకు జతగా ఎడారిలో కుందేళ్లను తరిమిన జాతి అది. ఇప్పుడు లేచి నాలుగడుగులు వేయలేకపోతోంది.

పిడుదుల జ్వరం. 1935లో అల్జీరియా కుక్కల్లో మొదట గుర్తించిన ఈ రోగం, వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యపు కుక్కలను ఎన్నింటినో పొట్టన పెట్టుకుంది. మందు మాత్రం ఉంది: డాక్సీసైక్లిన్, 28 రోజులు. ఆసుపత్రికి ఇంటి యజమానురాలు, మేడమ్, వెళ్లింది. మాత్రల డబ్బా పనిమనిషి చేతికొచ్చింది. "రోజూ ఇవ్వు" అన్న ఒక్క మాటతో.

ఊళ్లో ఎద్దుకు వెదురు గొట్టంతో మందు పోసిన చేయి ఆమెది. అలాగే దవడ పట్టి తెరవబోయింది. బొటనవేలికి పన్ను గీరుకుంది. మాత్ర గచ్చు మీద పడింది. మర్నాడు లబ్నే పెరుగులో దాచిపెడితే, పెరుగంతా నాకి మాత్రను వదిలేసింది. మూడోరోజు నూరి కలిపింది. గిన్నె ఖాళీ! ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆరో రోజుకీ కుక్క ఒళ్లు కాలుతూనే ఉంది.

ఆ రాత్రి ఇమో వీడియో కాల్‌లో తమ్ముడికి డబ్బా చూపించింది. అతను ఊళ్లో పశువులకు ప్రథమ చికిత్స చేసే గోపాలమిత్ర.

"దేంట్లో కలిపినావక్కా?"

"పెరుగులో రా."

"అయ్యో! పెరుగులోని కాల్షియం ఈ మందును పట్టేసుకుంటాది. ఒంటికి సరిగ్గా అందదు. ఉత్త కడుపునా వేయొద్దు, కక్కుతాది. మింగినాక నీళ్లు తాపించు. గొంతులో ఇరుక్కుంటే పుండు పడతాది. డాక్టరును కూడా అడిగించు."

మేడమ్ ఫోన్ చేస్తే డాక్టరూ అదే చెప్పాడు. లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలైంది.

ఉప్పూ ఉల్లీ లేకుండా ఉడికించిన కోడిమాంసం, మూడు చిన్న ముద్దలు. మొదటిది ఉత్తదే. కుక్క వాసన చూసి, నమ్మి తింది. రెండోదాంట్లో మాత్ర. అది నమిలేలోపే మూడోది ముక్కు ముందు ఆడించింది. మూడోదాని మీది ఆశతో రెండోది గుటుక్కున మింగింది. ఆ తర్వాత గిన్నెడు నీళ్లు. బలవంతం లేదు, పెనుగులాట లేదు. రెండు రోజులకు జ్వరం దిగింది. 28వ రోజున తలుపు దగ్గరికి అదే నడిచొచ్చి నిలబడింది.

గల్ఫ్ ఇళ్లలో కుక్కకు మందు వేసే చేయి కొన్నిచోట్ల కడప, కోనసీమల నుంచి వెళ్లిన ఆడవాళ్లదే. యజమానులు వాళ్లను కూడా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. అమ్మా, డబ్బా మీ చేతికిచ్చినప్పుడు మీరూ ఒక్క మాట అడగండి: దేంతో కలిపి ఇవ్వాలి, దేంతో కలపకూడదు?