ఝాఁ మెలియే మరణశాసనము : ఒక నాస్తికగ్రంథము ఖండితమైన తీరు

1729వ సంవత్సరమున ఫ్రాన్సు దేశపు ఈశాన్యభాగమునందలి ఆర్దెన్ సీమలో, ఎత్రెపిన్యీ అను చిన్నపల్లెకు నలువది యేండ్లు విచారణగురువుగా నుండిన ఝాఁ మెలియే మరణించెను. బ్రతికినన్నాళ్లు అతడు శిశువులకు జ్ఞానస్నానము లిచ్చెను, పెండ్లిండ్లు జరిపెను, దివ్యపూజ నర్పించెను. గతించిన పిమ్మట అతని స్వహస్తముతో వ్రాసిన యొక బృహద్గ్రంథమునకు మూడు ప్రతులు బయటపడినవి. తాను బోధించిన మతముతో సహా సకలమతములును మనుష్యకల్పితములనియు, దేవుడు లేడనియు, ఆత్మ దేహముతోనే నశించుననియు అందు ప్రతిపాదింపబడి యుండెను. ‘మరణశాసనము’ అను పేర ప్రసిద్ధి కెక్కిన యీ గ్రంథపు మూలప్రతులు పారిస్ జాతీయ గ్రంథాలయమున భద్రముగా నున్నవి.

ఈ వ్యాసమున చెప్పదలచిన దొక్కటే. క్రైస్తవవిశ్వాసము అసత్యమనుటయు, అది సంఘమునకు కీడు చేసినదనుటయు మెలియేకు రెండు విమర్శలు కావు. ఒకే వాదమునకు పూర్వోత్తరభాగములు. అతని నచ్చువేయించిన తొలి ప్రముఖుడు సరిగా ఆ రెంటి నడుమనే కత్తెర వేసెను. తత్ఫలితముగా నూరేండ్లపాటు లోకము చదివినది సగము మెలియేనే.

మెలియే 1664లో మజెర్నీ గ్రామమున జన్మించెను. తండ్రి ఉన్నిబట్టల వర్తకుడు. రాంస్ నగరమున గురువిద్య నభ్యసించి, 1689లో ఎత్రెపిన్యీకి వచ్చెను. అతని యుద్యోగకాలములో అధికభాగము పదునాలుగవ లూయీ పాలనలో గడచినది. ఎడతెగని యుద్ధములు, 1693-94 నాటి క్షామము, 1709 నాటి ఘోరమైన శీతకాలము ఆ పల్లెప్రజలు కండ్లార చూచినవే. రాజునకు భూమిశిస్తు, ఉప్పుపన్ను, దేవాలయమునకు దశమభాగము, భూస్వామికి వేరుగా కప్పములు. ఈ మూటికిని చెల్లించువాడు ఆ రైతే. ప్రభువునకు లోబడుట దైవాజ్ఞ యని ఆదివారము వేదికపై నిలిచి ఆ రైతునకు చెప్పవలసినవాడు మెలియే. అతని నాస్తికత పుస్తకములనుండియే పుట్టలేదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

ఆ యూరి ప్రభువైన ఆంత్వాన్ ద తూలీ రైతులను హింసించెనన్న కారణమున, ఆలయప్రార్థనలో అతని పేరు స్మరించుటకు మెలియే నిరాకరించెను. ప్రభువు రాంస్ అగ్రపీఠాధిపతితో మొరపెట్టుకొనెను. పీఠాధిపతి ప్రభువు పక్షమే వహించెను. తరువాతి ఆదివారము మెలియే వేదిక నెక్కి, పేదలను బాధింపకుండునట్లును, అనాథల సొత్తు నపహరింపకుండునట్లును ఆ ప్రభువునకు సద్బుద్ధి కలుగుటకై ప్రార్థింపుడని సంఘమును కోరెనని, అతని గ్రంథముతో పాటు ప్రచారమైన జీవితసంగ్రహము చెప్పుచున్నది. 1716లో పీఠాధిపతి అతనిని మందలించెను. ఆ మీదట మెలియే బహిరంగముగా నేమియు పలుకలేదు, వ్రాసికొనుచు కూర్చుండెను.

గ్రంథమున ఎనిమిది నిరూపణములు కలవు. మతములు మనుష్యకల్పితము లనుట మొదటిది. విశ్వాసమనగా గ్రుడ్డినమ్మకమే గనుక దోషములకును కలహములకును అదియే మూలమనుట రెండవది. తరువాత దర్శనముల, ప్రవచనముల పరీక్ష జరుగును. మత్తయి, లూకా సువార్తలలోని యేసు వంశావళులు పరస్పరము పొసగవనియు, పాతనిబంధన వాగ్దానములు నెరవేరలేదనియు అతడు వివరించును. సత్ప్రసాదమును గూర్చిన ఖండనము మిక్కిలి తీవ్రమైనది: కొయ్యను రాతిని పూజించువారిని నిందించుచు, పిండితో చేసిన దానిని దేవుడనుట ఏమి న్యాయమని అతని ప్రశ్న. ప్రతిదినము ఆ యప్పమును చేతులతో ఎత్తి చూపినవాని ప్రశ్న యగుటచే దానికి వేరొక బరువు కలదు.

అయిదవ నిరూపణములో సిద్ధాంతదోషములతో పాటు నీతిదోషములను చర్చించును. బాధ ననుభవించుటయే పుణ్యమనుట, సహజమైన కోర్కెలను పాపములనుట, దుర్మార్గుని నెదిరింపక సహింపుమనుట అను మూడింటిని అతడు తప్పుపట్టెను. ఈ మూడవదే ఆరవ నిరూపణమునకు ద్వారము. సహనమును ధర్మముగా నేర్పిన మతము పీడకుని చేతి కాయుధమగును. ప్రభువుల దర్పము, సోమరులైన మఠవాసుల సంఖ్య, భూమి కొందరి సొత్తగుట, విడరాని వివాహబంధము, రాజుల నిరంకుశత్వము, ఇవన్నియు మతము అనుమతించిన అక్రమములే యని అతని వాదము. ఏడు, ఎనిమిది నిరూపణములు దేవుని యునికిని, ఆత్మ యమరత్వమును ఖండించును. పశువులు కేవలము యంత్రములని చెప్పిన దేకార్తు అనుయాయులను పరిహసించుచు, ఆ మాట పల్లెరైతుతో చెప్పిన నవ్వునని అతడు వ్రాసిన ఘట్టము నా కెంతయో ప్రీతికరము.

లోపములు లేకపోలేదు. చెప్పినదే పలుమార్లు చెప్పును. వాక్యములు పుటలకొలది సాగును. రాజ్యలోభమువలనను భూస్వామ్యమువలనను కలిగిన కీడునంతయు మతమునకే అంటగట్టుట చరిత్రదృష్టికి నిలువదు. మఠవాసులను సోమరులని దూషించుచునే, వారు సొత్తును ఉమ్మడిగా ననుభవించుటను తన ఆదర్శమునకు ఉదాహరణముగా చూపుటయు గమనింపదగినది. నలువది యేండ్లు నమ్మనిదానిని బోధించుట కపటము కాదా యను ప్రశ్నను అతడే లేవనెత్తి, అది తన కెంత రోతగా నుండెనో చెప్పుకొనెను. ఆ సమాధానము చాలదనువారిని నేను తప్పుపట్టజాలను. కాని ఆనాడు నోరు విప్పినవానికి కారాగృహమో, చితియో తప్పనిదని కూడ మరువరాదు.

ఇక పాఠచరిత్ర. గ్రంథము వ్రాతప్రతుల రూపమున రహస్యముగా వ్యాపించెను. వోల్టేరు దానిని గూర్చి 1735లో విని, 1762లో దాని సంగ్రహమును ముద్రింపించెను. మొదటి అయిదు నిరూపణములలోని బైబిలు విమర్శ అందు కలదు. ప్రభువుల అక్రమములు, దేవుని నిరాకరణము, ఆత్మవిచారము లేవు. అంతటితో ఆగక, సహజమతమునకు మమ్ము మరలింపుమని మెలియే దేవుని వేడుకొన్నట్లు చివర చేర్పబడెను! వేమన పద్యముల పాఠములతో కుస్తీ పట్టినవారికి ప్రక్షిప్తములు క్రొత్త కావు. అయినను నాస్తికుని నోట ప్రార్థన చొప్పించిన యీ చేర్పు వంటిది అరుదు. వోల్టేరు చర్చికి శత్రువేగాని, దైవభీతి లేనిచో సామాన్యజనము అదుపులో నుండదని నమ్మినవాడు, స్వయముగా భూస్వామి. 1761లో ఫెర్నేలో దేవునిపేర ఆలయమును కట్టించినదియు అతడే. కావున ఆ కత్తెర సంక్షేపసౌకర్యమునకై వేసినది కాదు.

మరియొక గందరగోళము దీనికి తోడైనది. దోల్బాక్ 1772లో పేరు లేక ప్రకటించిన ‘సద్బుద్ధి’ యను నాస్తికగ్రంథము, విప్లవకాలమున మెలియే పేర పునర్ముద్రితమై, చాలకాలము అతని కృతిగానే చెలామణి యయ్యెను. 1793లో అనకార్సిస్ క్లూట్స్ విప్లవసభలో మెలియేకు విగ్రహము నిలుపవలెనని ప్రతిపాదించునాటికి, సభ్యు లెరిగిన మెలియే వోల్టేరు దిద్దిన మెలియేయే. పూర్తిపాఠము 1864లో ఆమ్‌స్టర్‌డామున రుడాల్ఫ్ చార్లెస్ మూడు సంపుటములుగా ప్రకటించువరకు అచ్చుకాలేదు. శాస్త్రీయముగా పరిష్కరించిన సమగ్రకృతులు పారిసులో 1970-72 నడుమ వెలువడినవి.

గ్రంథమును మెలియే తన విచారణలోని జనులనే సంబోధించి వ్రాసెను. వారిలో పెక్కురు చదువు రానివారు. తొలినాళ్ల రహస్యప్రతులు పోయి చేరినది మాత్రము పారిసులోని విద్యావంతుల బీరువాలకు.